కోటకి ఫ్లెక్సీ కట్టనివ్వని టీచరు గారు

మా టీచరు గారు పోయారన్న కబురు నాకు ఫ్లెక్సీ ఆర్డరుగా వచ్చింది.

నందిగామలో నాకు ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపుంది. ఆ రోజు పొద్దున షట్టరెత్తి, మిషను మీద కప్పిన దుప్పటి తీస్తుంటే వాట్సాప్‌లో కోట కమిటీ వాళ్ళ నుంచి ఒక ఫోటో, దాని కింద ఒక మెసేజి వచ్చాయి. “కోట తల్లికి అశ్రునివాళి అని పెద్ద అక్షరాలు. మేడమ్ ఫోటో పై మూలన గుండ్రంగా, చిన్నది. ప్రెసిడెంటు గారిది కుడిపక్క నిలువెత్తు. పోయినసారి వేసిన నవ్వు ఫోటోనే వెయ్యండి, అందులో సార్ బాగా పడ్డారు.” ఫోటో తెరిచి చూశాను. హైస్కూల్లో నాకు సోషల్ చెప్పిన టీచరు గారు. కళ్ళజోడు మీంచి చూస్తున్నారు, ఎదుటివాడు అబద్ధం చెప్తుంటే ఎందాకా పోతాడో చూద్దామన్నట్టు.

స్టూలు మీద కూలబడి మస్తాన్‌కి ఫోన్ చేశాను. టీచరు గారుండే జగ్గయ్యపేటలోనే మస్తాన్ ఆటో తోలతాడు. రిటైరయ్యాక టీచరు గారు కోటకి వెళ్ళాలంటే ఆ ఆటోనే.

“నిజమేనన్నా,” అన్నాడు. “తెల్లారి కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి కుర్చీలో కూర్చున్నారు. వాళ్ళ చెల్లెలు గారు పిలిస్తే పలకలేదు. నేను ఇక్కడే ఉన్నా. నువ్వొస్తున్నావా?”

“వస్తున్నా,” అన్నాను. ఆవిణ్ణి ఇంకా కుర్చీలోంచి లేపారో లేదో, నివాళి మాత్రం డిజైను దాకా వచ్చేసింది.

ఫోన్ జేబులో పెడుతుండగా ఇంకో మెసేజి. “కోటలో వెనక ధాన్యం కొట్టు ఖాళీగా ఉంది కదా, అందులో మేడమ్ స్మారకం పెడుతున్నాం. గోడ గరుగ్గా ఉంది. సిమెంటు పూయించి టైల్స్ వేయిస్తాం. సంస్మరణ సభ లోపల పని అయిపోవాలి. గోడ నిండా పట్టే బోర్డు కూడా మీరే చెయ్యాలి.” మొదటి మెసేజికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, రెండోదానికి ఒళ్ళు మండింది. ఆ గోడ ఏ గోడో తెలిస్తే మీకూ మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మా వృత్తి సంగతి చెప్పాలి. మీలో చాలామంది గమనించే ఉంటారు. పుట్టినరోజైనా చావైనా, ఫ్లెక్సీ ఎవరి గురించో వాళ్ళ బొమ్మ చిన్నది, కట్టించినవాళ్ళ బొమ్మలు పెద్దవి. పోయినవాళ్ళతో మాకు మరీ సుఖం. తలకాయ ఏ మూలకి నెట్టినా వచ్చి అడగరు. ఇన్నేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నాను, మనుషుల మీద నాకు మిగిలిన గౌరవం ఎంతో మీరే అనుకోండి.

టీచరు గారికి నా షాపంటే మొదటి నుంచీ అసహ్యమే. బడిలో నాకు చదువు అంతంత మాత్రం గానీ చేతిరాత గుండ్రంగా ఉండేది. పాఠం మొదలుపెట్టే ముందు బోర్డు మీద దాని పేరు నాచేత రాయించేవారు. షాపు పెట్టిన రోజు పిలిస్తే వచ్చారు. స్వీటు తీసుకున్నారు. మిషను లోంచి ఎవరిదో నాయకుడి మొహం నుదుటి దగ్గర నుంచి నెమ్మదిగా దిగుతుంటే మీసాలు వచ్చేదాకా నిలబడి చూశారు.

“చేత్తో ఎంత ముచ్చటగా రాసేవాడివిరా,” అన్నారు. “ఇప్పుడు మిషను చేత కక్కిస్తున్నావన్నమాట. సరేలే, బతకాలి. వ్యాపారం చేసుకో. నా కోటకి మాత్రం కట్టకు.”

నా కోట అనడానికి ఆవిడేం జమీందారిణి కాదు. నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్తుంటే హైవే దిగి కాస్త లోపలికి పోతే ఆ కోట వస్తుంది. పెద్ద గొప్పదేం కాదు. ఒక గుమ్మం, సగం కూలిన ప్రహరీ, ఎవరో జమీందారు కట్టించుకున్న రెండు మూడు సావిళ్ళు, వెనక ధాన్యం కొట్టు. దాన్ని చూడటానికి వేరే దేశాల మాట అటుంచండి, పక్కనే ఉన్న కీసర నుంచి కూడా ఎవరూ రారు. జనానికి అక్కడికి వెళ్ళడం నేర్పింది టీచరు గారే.

నెలకోసారి ఆదివారం అక్కడ క్లాసు పెట్టేవారు. పేపరు వాళ్ళు దాన్ని వారసత్వ కార్యశాల అని రాశారు. తర్వాత పుట్టుకొచ్చిన కమిటీ వాళ్ళు హెరిటేజ్ వర్క్‌షాప్ అన్నారు. ఆవిడ కోట క్లాసు అనే అనేవారు. బడిపిల్లలు వచ్చేవాళ్ళు. వాళ్ళని దింపడానికి వచ్చిన అమ్మానాన్నలు వెళ్ళకుండా ఉండిపోయేవాళ్ళు. బీఈడీ చదివేవాళ్ళు, పెనుగంచిప్రోలు టైలరు ఒకాయన, మిరపకోతలు లేని రోజుల్లో వీరులపాడు వైపు నుంచి కూలికి వెళ్ళే ఆడవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. మైకు లేదు. ముఖ్య అతిథి లేడు. దీపం వెలిగించడం లేదు. “వాళ్ళు అగ్గిపుల్ల గీసి, ఫోటో సరిగా పడలేదని మళ్ళీ గీసే లోపల మనం ఒక గోడ చూసెయ్యొచ్చు,” అనేవారు.

క్లాసు ఎలా జరిగేదంటే, వచ్చినవాళ్ళు తలా జానెడు గోడ ఎంచుకుని దాని ముందు కూర్చోవాలి. మాట్లాడకూడదు. ఆవిడ చాలు అనేదాకా ఆ జానెడే చూడాలి. తర్వాత ఒక్కొక్కళ్ళే లేచి చూసింది చెప్పాలి. చూసింది మాత్రమే. పెద్దవాళ్ళు ఇక్కడే బోల్తా పడేవాళ్ళు. పిల్లలు “చీమలు పోతున్నాయండీ, అంటే లోపల బొక్కుందండీ” అని చక్కగా చెప్పేవాళ్ళు. పెద్దవాళ్ళు లేచి రాజుల చరిత్ర అందుకునేవాళ్ళు.

ఒకసారి విజయవాడ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. గోడ ముందు కూర్చోలేదు, ప్యాంటు మాసిపోతుందని. తన వంతు రాగానే, ఈ కోట కింద సొరంగం ఉందనీ, అది కొండపల్లి దాకా పోతుందనీ, రాణి గారు గుర్రం మీద అందులోంచే తప్పించుకుందనీ చేతులు తిప్పుతూ చెప్పాడు.

“మీరు చూశారా అండీ?” అన్నారు టీచరు గారు.

“అందరూ అంటారు మేడమ్.”

“అయితే వచ్చే నెల ఆ అందర్నీ తీసుకురండి. గునపాలు కూడా తెచ్చుకోమనండి.”

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన మొహం ముడుచుకుంది. ఆవిడ జాలిపడలేదు. “కోట చూడటానికొచ్చి కోటలో లేనిదాని గురించే మాట్లాడతారేంటయ్యా మీరంతా? ఉన్నది మీకు సరిపోలేదా?” అన్నారు. ఆయన మళ్ళీ రాలేదు. రానందుకు ఎవరం బాధపడలేదు.

చలికాలంలో సున్నం క్లాసు ఉండేది. ప్లాస్టిక్ తొట్టిలో డంగు సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు, కరక్కాయలు నానేసిన నీళ్ళు పోసి పిల్లలచేత కర్రలతో కలిపించేవారు. పక్కన పేర్చిన పాత ఇటుకలకి పూయించేవారు. బెల్లం గోడకెందుకు, మనం తినొచ్చు కదా అని ఒక పిల్ల అడిగింది. “ముందు గోడకి పెట్టు. మిగిలితే నువ్వు తిను,” అన్నారు. అలాంటి ఒక క్లాసులోనే సిమెంటు సంగతి చెప్పారు. సున్నం గోడ చెమ్మ పీలుస్తుంది, వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మకి దారి ఉండదు. పైకి నిగనిగలాడుతూనే లోపల కుళ్ళి, ఒకరోజు పాత పూతని కూడా పట్టుకుని ఊడిపడుతుంది. “ముక్కూ నోరూ మూసి దిండు అదమడమే అది. చేసేవాడు మాత్రం అందంగా ఉంది కదా అంటాడు.”

ఇక ఆ ధాన్యం కొట్టు. కిటికీల్లేని చీకటి గది. తలుపు లోంచి వచ్చే వెలుగే వెలుగు. టీచరు గారి చేతిసంచిలో ఎప్పుడూ ఒక చిన్న అద్దం ఉండేది, బొట్టు పెట్టుకునే అద్దం. క్లాసు చివర అందర్నీ కొట్టులోకి పంపి, ఆవిడ గుమ్మంలో నిలబడి ఆ అద్దంతో ఎండని పట్టి లోపలికి విసిరేవారు. ఎదురుగా కాదు, పక్కవాటంగా, గోడని రాసుకుంటూ పోయేట్టు. అప్పటిదాకా వట్టి గరుకు గోడ. ఆ ఎండ పడగానే గోడంతా వేళ్ళు కనిపించేవి.

ఎప్పటివాళ్ళో, చేత్తో సున్నం పామిన గుర్తులు. నాలుగు వేళ్ళ చారలు, వంపు తిరిగి, ఒకదాని మీద ఒకటి. ఒకచోట పని ఆపి చెయ్యి ఆనించినట్టు అరచెయ్యి మొత్తం దిగి ఉంది, చిటికెన వేలితో సహా.

“సావిట్లో గోడలు అద్దాల్లా ఉంటాయి, చూశారు కదా,” అని చెప్పేవారు టీచరు గారు. “అవి జమీందారు చూసే గోడలు. తాపీ పెట్టి నున్నగా తోమారు. అక్కడ మీకు మనుషులు దొరకరు. ఇది గింజలు చూసే గోడ. గింజలకి నునుపెందుకని చేత్తో పామేశారు. అందుకే వాళ్ళు మనకి మిగిలారు. ఆడవాళ్ళ చేతులని నేననుకుంటున్నా. అది నా ఊహ. ఊహ అని చెప్పి మరీ ఊహిస్తున్నా, మీరూ అట్టాగే చెయ్యండి.”

ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే వెళ్ళి ఆ అరచేతి గుర్తు ముందు తమ చెయ్యి పెట్టాలి. ఆనించకూడదు. గోడకీ చేతికీ మధ్య వేలెడు సందు ఉండాలి. అది ఆవిడ పెట్టిన ఆచారం. నా చెయ్యి దానికంటే పెద్దది. మస్తాన్‌దీ అంతే. ఒకసారి వీరులపాడు నుంచి వచ్చిన కూలికెళ్ళే ఆవిడ పెట్టింది. సరిగ్గా సరిపోయింది. బొటనవేలి వంకర కూడా.

“సున్నంలో చెయ్యి పెడితే మండదా అమ్మా?” అని అడిగింది ఆవిడ, చెయ్యి తియ్యకుండానే.

“మండుతుంది. తినేస్తుంది,” అన్నారు టీచరు గారు.

“మాకూ అంతే. మిరపకాయ కోసొచ్చిన రోజు చెయ్యి నీళ్ళలో పెట్టినా, కడుపుకి అదుముకున్నా మంటే. అన్నం కలుపుకోలేం.” గోడ మీది గుర్తుని చూస్తూ, “ఈమె ఎట్టా తిన్నదో,” అంది.

టీచరు గారు అద్దం కదలనివ్వకుండా అలాగే పట్టుకుని ఉన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, “ఇన్నేళ్ళు సోషల్ చెప్పానుగానీ, ఆ ప్రశ్న నాకు తట్టలేదురా,” అన్నారు. ఆవిడ ఒక మనిషిని మెచ్చుకోవడం అంటే ఇదే.

ఇలాంటి చోటికి జనం వస్తున్నారని తెలిశాక కమిటీ రాకుండా ఉంటుందా? వారసత్వ పరిరక్షణ అని పేరు పెట్టుకుని వచ్చింది. దాని ప్రెసిడెంటు గారు వెంచర్లు వేస్తారు. పొలాన్ని చదును చేసి, రోడ్డు మీద ఆర్చి కట్టి, దానికి ఏదో ఒక కోట పేరు పెట్టి ప్లాట్లు కొయ్యడం ఆయన పని. కోటలంటే ఆయనకున్న ప్రేమ అంతవరకూ నిజమే.

వాళ్ళు మొదటిసారి చేసిన ఉత్సవం ఫ్లెక్సీ నా దగ్గరే వేయించారు. గుమ్మం వెడల్పంతా కావాలన్నారు. పంపిన బొమ్మ చూస్తే రాజస్థాన్ కోట. ఇంటర్నెట్‌లోంచి తీసింది. ముందు ఇసుక, పక్కన రెండు ఒంటెలు.

“ఇది మన కోట కాదండీ,” అన్నాను.

“తెలుసు తమ్ముడూ,” అన్నారు ప్రెసిడెంటు గారు. “మనది ఫోటోలో అంత రాదు.”

అలా మా కోట గుమ్మాన్ని పూర్తిగా కప్పేసి, దాని మీద ఇంకో కోట బొమ్మ కట్టారు. కట్టింది వాళ్ళ మనుషులే, నేను ప్రింటు చేసి చేతులు దులుపుకున్నాను. పిల్లలకి రాజుల వేషాలు వేసి ఎండలో నిలబెట్టారు. అట్టకిరీటాలు, ప్లాస్టిక్ కత్తులు. టీచరు గారు ఆటో దిగి, ఆ ఫ్లెక్సీని కింద నుంచి పైదాకా చూశారు. నాకేసి ఒక్కసారి చూశారు. తర్వాత పిల్లల్ని దగ్గరికి పిలిచారు.

“ఇవాళ మనం రాజస్థాన్ వచ్చాం. ఇక్కడెక్కడో ఒంటెలున్నాయట. పెద్దవాళ్ళు చెప్పాక ఉండే ఉంటాయి. వెతకండి.”

ఇక చూడండి. పైన స్టేజీ మీద మన ఘన వారసత్వం గురించి ఒకాయన గొంతు చించుకుంటుంటే, కింద రాజులందరూ కుర్చీల కిందా షామియానా వెనకా దూరి ఒంటెల్ని వెతుకుతున్నారు. ఒక బుల్లి మహారాజు సరాసరి స్టేజీ ఎక్కి ప్రెసిడెంటు గారి కుర్చీ వెనక వంగి చూసి, “ఇక్కడా లేదు టీచర్,” అని అరిచాడు. ఒక తల్లి, మా వాడి వేషం ఎలా ఉందండీ అని అడిగితే, “బావుందమ్మా. అందరూ రాజులే అయితే గింజలెవరు మోస్తారో కనుక్కో,” అన్నారు.

చివర్లో ఆవిడకి శాలువా కప్పారు. కప్పించుకున్నారు. సున్నం క్లాసు దగ్గరికి వచ్చి, దాన్ని తీసి, పిల్లలకి చేతులు తుడుచుకోమని ఇచ్చారు. కాసేపటికి మస్తాన్‌ని పిలిచి, “ఇది తుడవడానికి కూడా పనికిరాదయ్యా. నీళ్ళు పీల్చదు. ఆటోలో పాత గుడ్డేమైనా ఉందా?” అన్నారు. ఆవిడ ఎవరినీ పల్లెత్తు తిట్టేవారు కాదు. తిట్టేంత విలువ కూడా ఇచ్చేవారు కాదు. ఆ చులకన చూపే నాకు పెద్ద చదువు.

ఆవిడ పోయిన రోజు జగ్గయ్యపేట వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ముక్కులో దూది పెట్టారు, కళ్ళజోడు తీసేశారు. కళ్ళజోడు లేకుండా ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు నేను. ఎవరో ముసలమ్మలా ఉన్నారు. అప్పుడు ఏడ్చాను. మస్తాన్ నా భుజం పట్టుకుని తనూ ఏడ్చాడు.

ఇంతలో ప్రెసిడెంటు గారు దిగారు, ఫోటోగ్రాఫరుతో సహా. దండ వేశారు. సరిగా పడలేదట, తీసి మళ్ళీ వేశారు. ఫ్రేములోకి వస్తున్నారని టీచరు గారి చెల్లెలు గారిని, “కొంచెం జరగండమ్మా,” అన్నారు. అక్క తల దగ్గర కూర్చున్న మనిషిని జరగమన్నారు. ఆవిడ జరిగారు. ఆయన వెళ్ళాక నాతో నెమ్మదిగా, “అక్క ఉంటే వీణ్ణి గేటు దాటనిచ్చేదా?” అన్నారు.

మర్నాడు బోర్డు కొలతలు తీసుకోవాలన్న వంకతో ప్రెసిడెంటు గారిని కోటకి రప్పించాను. మేస్త్రి సిమెంటు బస్తాలు ధాన్యం కొట్టు గుమ్మం దాకా తెచ్చి పెట్టేశాడు. మర్యాదగా ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాను. ఫోన్ టార్చి వేసి గోడకి పక్కగా పెట్టాను. వేళ్ళు లేచి నిలబడ్డాయి. ఆ అరచెయ్యి కూడా.

“చూశారా అండీ?”

ఆయన వంగి శ్రద్ధగా చూశారు. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. ఎంత వెంచర్ల మనిషైనా మనిషే కదా అనుకున్నాను.

“నిజమే తమ్ముడూ,” అన్నారు. “ఎంత దరిద్రంగా చేశారో చూడు. వేలిముద్రలు కూడా తుడవలేదు వెధవలు. అంతటి మేడమ్ పేరు మీద పెడుతూ గోడ మీద చేతి మరకలుంటే బాగుంటుందా? అందుకే టైల్స్ అంటున్నా.”

కొట్టాలనిపించింది. మీ ముందు దాచడం ఎందుకు, నిజంగానే కొట్టాలనిపించింది. అప్పుడు టీచరు గారు చెప్పిన మాట గుర్తొచ్చింది. ఉత్సవం రోజు నేను ఆవేశపడుతుంటే, “వాళ్ళతో వాదించకురా. వాళ్ళకి కావాల్సింది ఇంకోచోట పెట్టు, వాళ్ళే లేచిపోతారు,” అన్నారు. ఒంటెల్ని అలాగే కదా వెతికించారు.

నేను టార్చి ఆర్పేశాను. టార్చికి అలవాటుపడ్డ కళ్ళకి గదంతా చీకటైపోయింది.

“మీ ఇష్టమేనండీ,” అన్నాను. “కాకపోతే ఒక మాట. మీ నిలువెత్తు ఫోటో ఈ గదిలో పెడితే చూసేదెవరు? పక్కన నిలబడ్డ నాకే మీరు కనబడటం లేదు. ఫోటో తీసుకుందామన్నా వెలుతురు లేదు.”

చీకట్లో ఆయన చెప్పుల చప్పుడు అటూ ఇటూ కదిలింది. ఆలోచిస్తున్నారని అర్థమైంది.

“అదే హైవే దిగగానే రోడ్డు పక్కన స్మారకం కట్టించి, దాని వెనక పెద్ద ఫ్లెక్సీ నిలబెట్టారనుకోండి, హైదరాబాద్ బస్సులో వెళ్ళేవాళ్ళకి కూడా మీరు కనబడతారు. కమిటీ అందరి ఫోటోలూ పడతాయి. ఈ గోడ మీద అయితే ఇద్దరికి మించి పట్టరు. మీతోపాటు ఎవరిది వెయ్యమంటారో మరి, మిగతావాళ్ళు ఏమనుకుంటారో.”

“ఆర్చి కూడా పెట్టొచ్చు,” అన్నారు ప్రెసిడెంటు గారు, చీకట్లోంచి.

“బ్రహ్మాండంగా ఉంటుందండీ.”

బయటికొచ్చి మేస్త్రిని పిలిచి, “ఏమయ్యా, ఈ బస్తాలు ఇక్కడెవరు దింపమన్నారు? రోడ్డు మీదకి పదండి,” అని కసిరారు. మేస్త్రి నోరెళ్ళబెట్టాడు. నేను గుమ్మానికి చేరబడి నిలబడ్డాను.

నా జీవితంలో అంత పెద్ద ఫ్లెక్సీ వెయ్యలేదు. అందరూ ఉన్నారు అందులో. కమిటీ వాళ్ళు, వాళ్ళ కొడుకులు, ఒకరి బావమరిది. ప్రెసిడెంటు గారు కుడిపక్క నిలువెత్తున నవ్వుతూ. టీచరు గారు ఎడమపక్క పై మూలన గుండ్రంలో. నా చేతిలో ఉన్న ఒకే ఒక్క పని నేను చేశాను. ఆవిడ ఫోటో అటు తిరిగి ఉంటే, కంప్యూటర్లో దాన్ని ఇటు తిప్పాను. ఇప్పుడు ఆవిడ కళ్ళజోడు మీంచి సరాసరి ప్రెసిడెంటు గారినే చూస్తున్నారు, ఎందాకా పోతాడో చూద్దామన్నట్టు. ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. మీరు ఆ దారిన వెళ్తే చూడండి.

కోటకి కట్టలేదు టీచరు గారూ. రోడ్డుకి కట్టా.

సంస్మరణ సభ ఆ ఫ్లెక్సీ కిందే జరిగింది. దీపం వెలిగించారు, రెండుసార్లు. కోట తల్లి అన్నారు, చరిత్రకి చుక్కాని అన్నారు, సొరంగం గురించి కూడా ఒకాయన ఎత్తుకున్నాడు. వాళ్ళలో ఒక్కడు కూడా ఆవిడ క్లాసులో గోడ ముందు కూర్చున్న పాపాన పోలేదు. నేను మస్తాన్ వైపు చూశాను. మస్తాన్ అప్పటికే లేచాడు. మా వెనకే వీరులపాడు ఆవిడ లేచింది, చీర కొంగు తల మీద కప్పుకుని. ఇంకొందరు పాత క్లాసు వాళ్ళు, ఆ బుల్లి మహారాజు కూడా, ఇప్పుడు కాస్త ఎదిగాడు. చెల్లెలు గారిని మస్తాన్ ఆటోలో కూర్చోబెట్టుకుని కోట దాకా తెచ్చాడు.

కొట్టు గుమ్మం దగ్గరికి వెళ్ళాక అందరం ఆగాం. అద్దం లేదు. టీచరు గారి సంచిలో ఉండి ఉంటుంది. చెల్లెలు గారికి ఆ సంచి తెరిచే ధైర్యం ఇంకా రాలేదు, అడగడానికి నాకూ నోరు రాలేదు. మస్తాన్ వెనక్కి వెళ్ళి, ఆటోకి పక్కనుండే అద్దం మరలు విప్పి, లుంగీ అంచుతో తుడుచుకుంటూ తెచ్చాడు. ఆవిడ నిలబడే చోటే నిలబడి ఎండని పట్టాడు. మొదట కప్పు మీద పడింది, తర్వాత నేల మీద. అలవాటు లేని చెయ్యి. నెమ్మదిగా సర్దుకుని, పక్కవాటంగా, గోడ మీదకి వచ్చింది.

అన్నీ ఉన్నాయి. ఒక్క చార కూడా పోలేదు.

వీరులపాడు ఆవిడ ముందుకు వెళ్ళి ఆ అరచేతి ముందు తన చెయ్యి పెట్టింది, వేలెడు సందు వదిలి. వెనకాల చెల్లెలు గారు నించున్నారు. ఆవిడ ఎప్పుడూ కోట క్లాసుకి రాలేదు, ఇంట్లో వంట చూసుకునేవారు. అందుకే ఆ చేతినీ గోడ మీది గుర్తునీ మార్చి మార్చి చూస్తున్నారు. రోడ్డు మీంచి మైకు మోత ఇక్కడిదాకా వస్తోంది. మస్తాన్ చెయ్యి కొద్దిగా వణికినప్పుడల్లా ఎండ వణికి, గోడ మీద వేళ్ళు ఇంకా సున్నం పాముతున్నట్టే కదులుతున్నాయి. టీచరు గారి పద్ధతి ప్రకారం మేమెవరం మాట్లాడలేదు. చాలు అని చెప్పడానికి ఆవిడ లేరు, అందుకని ఆ ఎండ గుమ్మం దాటి వెళ్ళిపోయేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాం.